పావడల వసంతమ్మ కుట్టిన పైబట్ట

మా వదిన వసంతమ్మది పెద్ద గొంతు. మా ఊరు నగరి, మా వీధంతా మరమగ్గాలే. పొద్దున్నే మొదలైన టకటక పొద్దుపోయేదాకా ఆగదు. ఆ చప్పుడులో మెల్లగా మాట్లాడితే పక్కనున్నవాడికి కూడా వినపడదు కాబట్టి మేమందరం అరుచుకునే బతుకుతాం. అయినా వదిన గొంతు వేరు. షెడ్డు దాటి, వీధి దాటి, ఏకాంబరకుప్పం స్టేషన్లో రైలు కోసం నిలబడ్డవాళ్ళకు కూడా వినపడుతుందని మా అన్న మునిరామయ్య అంటాడు. ఆమె లేనప్పుడే అంటాడు, అది వేరే సంగతి.

ముప్పై ఏళ్ళుగా ఆమె చేసే పని ఒక్కటే, చీర లోపల కట్టుకునే పావడలు కుట్టడం. మగ్గం దిగిన గుడ్డ అద్దకానికి పోయి రంగు వేసుకొని ఇంటికొస్తుంది. దాన్ని ఆరు ముక్కలుగా కత్తిరించి, జోడించి, పైన మడత కుట్టి, మడతలోకి బొందు ఎక్కిస్తుంది. డజను డజనుగా కట్టలు కడుతుంది. ఆ కట్టలు తిరుపతికీ చిత్తూరుకీ చెన్నైకీ పోతాయి. వదిన పావడకు ఊళ్ళో పేరుంది. పిగలదు, చిరగదు, చీరను జారనివ్వదు. ఉతికి ఉతికి రంగు పోవాలే గానీ కుట్టు పోదు.

"పావడల వసంతమ్మ" అంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ఆ పేరంటే ఆమెకు ఒళ్ళు మంట. పావడల మీద కోపం కాదు. తాను కుట్టింది ఏనాడూ వెలుతురు చూడదని కోపం. జాకెట్టు కుట్టేవాళ్ళు పెళ్ళిలో పెళ్ళికూతుర్ని చూపించి "అది నేను కుట్టిందే" అని మురిసిపోతారు. వదిన ఏమని చూపిస్తుంది? పావడ అంచు పొరపాటున చీర కింద కనపడితే, కట్టుకున్నావిడ సిగ్గుపడి గబగబా లోపలికి తోసేసుకుంటుంది.

పైబట్ట కుట్టాలని ఆమె ఆశపడని రోజు లేదు. ఒకసారి ఆ అవకాశం వాకిట్లోకే వచ్చింది. బజారువీధి షావుకారు కోడలు తన కూతురి ఓణీల ఫంక్షన్ కోసం పట్టుగుడ్డ తెచ్చి వదిన చేతిలో పెట్టి, పట్టుపావడ కుట్టమంది. వదిన ఆ రోజు మిషను తుడిచి, నేల తుడిచి, కొత్త దుప్పటి పరిచి, దాని మీద పట్టు పరిచి చాక్‌పీసుతో గీతలు గీసింది. కత్తెర పట్టుకునే లోపల షావుకారు పెళ్ళాం దిగబడింది. "లోగుడ్డలు కుట్టే మిషను మింద పట్టు పెడతావా? తే ఇట్ల" అని గుడ్డ లాక్కుంది. నేను అక్కడే ఉన్నాను. నాలుగు దులుపుదామని నోరు తెరిస్తే వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది. తాను గీసిన గీతల్ని తన కొంగుతోనే తుడిచి, మడత పెట్టి, గుడ్డ అప్పజెప్పింది. అంత పెద్ద గొంతు మనిషి ఆ రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ షావుకారు పెళ్ళాం ఇప్పటికీ ఎదురుపడితే నేను పలకరించను. పలకరించను గాక పలకరించను.

ఇక అసలు కథకు వస్తాను. నా కూతురు లోహిత తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతోంది. మొన్న శీతాకాలంలో ఒక శనివారం మధ్యాహ్నం సంచీ భుజాన వేసుకుని బస్సు దిగి, ఇంటికి కూడా రాకుండా నేరుగా వాళ్ళ అత్త దగ్గరికి పోయింది. కన్నతల్లిని నేను వాళ్ళ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను కాబట్టి నన్నూ చూసింది.

"అత్తా, నువ్వే కుట్టాల. నువ్వు కాదంటే ఇంగెవురూ లేరు నాకు" అంటూ ఫోను తీసి వదిన ముక్కు కింద పెట్టింది.

వదిన కళ్ళజోడు సవరించుకుని చూసింది. తెల్లతోలు పిల్ల ఒకతి, గోధుమరంగు కుచ్చుల పావడ కట్టుకుని, తోలు బెల్టు పెట్టుకుని, వెల్డింగువాళ్ళ కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని నిలబడి ఉంది.

"ఏందే ఇది? చీర కట్టుకొనేది మర్సిపోయి లోపావడతోనే బజారుకొచ్చేసినట్టుండాదే ఈయమ్మ!"

"అది లోపావడ కాదు అత్తా, స్టీమ్‌పంక్ స్కర్టు" అంది లోహిత. "పాతకాలంలో ఆవిరితో నడిచే ఇంజన్లు ఉండేవి కదా. ఆ కాలం అట్లే ఉండిపోయి, విమానం, రాకెట్టు, కంప్యూటరు అన్నీ ఆవిరితోనే నడిచుంటే, మనుషులు ఎట్లాంటి బట్టలు తొడిగేవాళ్ళని ఊహించుకోని కుడతారు. దొరసానుల పావడలు, వాటిమింద ఇత్తడి చక్రాలు, తోలు పట్టీలు. మా కాలేజీ పండగలో ఈసారి బట్టల పోటీ దీనిమిందే పెట్టినారు."

"అంటే దొరసాని వంట మానేసి రైలింజను తోలేదానికి పోతే కట్టుకునే పావడ."

"అదే అత్తా! కరెక్టుగా అదే."

"మొదలే అట్ల సెప్పుంటే అయిపోయేది కదా" అని వదిన ఫోను ఇచ్చేసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు రైలింజను పావడ.

లోహిత అప్పటికే ఒకటి ఆన్‌లైన్లో తెప్పించుకుంది. సంచిలోంచి తీసి చూపించింది. తళతళలాడే పల్చని సాటిన్, దాని మీద చక్రాల బొమ్మలు అచ్చు వేశారు. నా కూతురు నాలాగే పొట్టిది, కాస్త ఒళ్ళున్న పిల్ల. ఆ స్కర్టు తొడిగితే జిప్పు నడుము దాకా రాలేదు, తుంటి మీద కుచ్చులు ఉబ్బి నిలబడ్డాయి. అది వేసుకుని హాస్టల్లో అద్దం ముందు నిలబడినప్పుడు పక్క గది పిల్లలు నవ్వారట. నాకు ఆ పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి చెవులు మెలిపెట్టాలనిపించింది.

వదిన మాత్రం ఆ సాటిన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి పక్కన పడేసింది. తర్వాత "నాకు రాదు లేమ్మా" అంది.

"పావడే కదా అత్తా!"

"నేను కుట్టేది లోపలిది. ఇది పైది."

ఎందుకలా అన్నదో నాకు తెలుసు. లోహితకూ తెలుసు, మా ఇంట్లో అందరికీ తెలుసు. లోహిత ఆ సాటిన్ స్కర్టును మడిచి సంచిలో పెట్టేసుకుంది. చివరికి వదినే తల ఎత్తింది.

"సరే, కుడతా. కానీ ఒక మాట. ఇది కుదరకుండా పోయి, ఆడ అంతమంది ముందర ఈ పిల్ల నవ్వులపాలైతే, ఇంగ నా ముందర ఎవురూ పైబట్ట మాట ఎత్తగూడదు. నేనూ ఎత్తను. సచ్చేదాకా లోపావడలే కుట్టుకుంటా."

ఆమె మాటంటే మాటే. అందుకే నాకు భయం వేసింది. కూతురి పోటీ సంగతి కంటే ఎక్కువ ఆ మాటకే భయం వేసింది.

మొదట ఏ రకం కుట్టాలో తేల్చాలి. లోహిత ఫోనులో వందల బొమ్మలున్నాయి. వదిన ఒక్కొక్కదానికీ తీర్పు చెప్పుకుంటూ పోయింది. వెనక పెద్ద బుట్ట పెట్టినట్టు ఉబ్బించినది చూసి, "ఇది కట్టుకుంటే యాడ కూసుంటావు? నిలబడే అన్నం తినాల" అంది. కాళ్ళకు అతుక్కుపోయిన బిగుతుదాన్ని చూసి, "మెట్లెక్కలేవు" అంది. ముందు మోకాలిదాకా, వెనక నేలదాకా ఉన్నది ఆమెకు కొంచెం నచ్చింది. "కానీ నువ్వు పొట్టి. ముందర అంత ఎత్తుంటే ఇంకా పొట్టిగా కనపడతావు" అని దాన్నీ తోసేసింది. పక్క నుంచి తాళ్ళతో పైకి గుంజి, కింద అలలు అలలుగా ముడతలు పడిన స్కర్టు బొమ్మ దగ్గర మాత్రం వేలు కాసేపు ఆగింది. అది ఎలా కుట్టారో అర్థం కాక ముందుకు పోయింది.

చివరికి ఫోను పక్కన పెట్టించి, "నడువు" అంది.

"ఏంది అత్తా?"

"వాకిట్లో ఆ చివరిదాకా నడిచి రా. పావడ ఎంచుకునేది నిలబడి కాదు, నడిచి."

లోహిత నడిచింది. వదిన దాన్ని మెట్లు ఎక్కించింది, దిగించింది, స్టూలు మీద కూర్చోబెట్టింది, వంగి చెప్పు తీయమంది. ఆ తర్వాత చాక్‌పీసుతో నేల మీదే బొమ్మ గీసింది. నడుము దగ్గర ఒక్క కుచ్చు కూడా ఉండకూడదు, చదునుగా ఉండాలి. తుంటి మీద నిలువు చారలు జారిపోవాలి, అప్పుడు మనిషి పొడుగ్గా కనపడుతుంది. కుచ్చులు మోకాలి కిందనే మొదలవ్వాలి. అందరూ నల్లదో ఎర్రదో వేస్తారు కాబట్టి మనది పాత ఇత్తడి రంగు, కాఫీ రంగు కలవాలి. మెరుపు అస్సలు వద్దు. "ఆవిరి బండి దగ్గర పనిచేసే మనిషి మెరిసే గుడ్డ కట్టుకుంటాదా? మసి అంటుకోదా?" అంది.

చారల గుడ్డ కోసం మేం ముగ్గురం బజారంతా తిరిగాం. చీరల అంగళ్ళలో దొరకలేదు. తిరిగి తిరిగి కాళ్ళు నొప్పి పుట్టి, ఒక పరుపులు కుట్టే అంగడి ముందు నిలబడితే వదిన కళ్ళు మెరిశాయి. దూది పరుపులకు తొడిగే మందపాటి చారల గుడ్డ, గోధుమరంగు మీద మీగడ రంగు చారలు. నేను "పరుపు గుడ్డా?" అని నోరు నొక్కుకున్నాను. లోహిత ఆ గుడ్డను నడుముకు చుట్టుకుని అంగడి అద్దంలో చూసుకుంది. నేను నోటి మీద చెయ్యి తీసేశాను. అంగడాయన దగ్గర ఆ రంగులో ఉన్నదంతా మేమే తెచ్చేసుకున్నాం.

చక్రాల సంగతి దొరస్వామి చూసుకుంటానన్నాడు. దొరస్వామి మా వీధి మగ్గాలు బాగుచేసే మెకానిక్కు. చేతులెప్పుడూ నల్లగానే ఉంటాయి. ప్లాస్టిక్కు చక్రాలు అతికిస్తారని వినగానే ఆయనకు అవమానమైపోయింది. "ఇంతమంది మగ్గాలోళ్ళు ఉండే ఊర్లో ప్లాస్టిక్కు చక్రమా అక్కా? నేనుండగానా?" అని ఒక గోతం నిండా పాత మగ్గాల పళ్ళచక్రాలు తెచ్చి వాకిట్లో కుమ్మరించాడు. ఒకటీ అరా ఇత్తడివి తప్ప అన్నీ నిజం ఇనుమే. కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, ముచ్చటపడి వాటిని మచ్చుకు ఒక లోపావడ అంచు చుట్టూ కట్టి చూశాం. లోహిత తొడుక్కుని ఒక అడుగు వేసిందో లేదో, పావడ మొత్తం నేల మీదికి జారిపోయింది. అదృష్టం, లోపల ప్యాంటు వేసుకుని ఉంది.

"ఇది పావడా, ఇనప సామాన్ల అంగడా? తియ్యండి అన్నీ!" అని వదిన కేక వేసింది. దొరస్వామి చిన్నబుచ్చుకున్నాడు. చివరికి అరచేతిలో ఇమిడే ఒక చిన్న ఇత్తడి చక్రాన్ని మాత్రం బెల్టుకు ఉంచింది. ఆ బెల్టు కూడా ఆయన ఇచ్చిందే, మగ్గంలో దారం మోసుకుపోయే నాడెను అటూ ఇటూ తోసే పాత తోలుపట్టా. దాన్ని నూనె పెట్టి తుడిస్తే కొత్త పెళ్ళికొడుకు చెప్పుల్లా నిగనిగలాడింది.

అసలు తప్పు తర్వాత జరిగింది. ఆ తప్పు మా వదిన తప్ప ఇంకెవరూ చేయలేరు.

ఆమె జీవితంలో ఎవరి నడుమూ కొలిచి ఎరగదు. లోపావడకు నడుము కొలతతో పనేముంది? బొందు ఉంటుంది, ఎవరికి ఎంత కావాలో అంత బిగించి ముడి వేసుకుంటారు. ఈ పావడకు మాత్రం నడుము చదునుగా, కొలత ప్రకారం హుక్కులతో రావాలని ఆమే నిర్ణయించింది. టేపు కొని తెచ్చి లోహిత నడుము కొలిచింది. అంతా సరిగ్గా కత్తిరించింది. ఆరు ముక్కలూ జోడించింది. నడుము దగ్గర చివరి కుట్టు వేసేటప్పుడు మిషను దగ్గర ఎవరితోనో మాట్లాడుతూ ఉంది. ముప్పై ఏళ్ళ అలవాటు, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పైఅంచు మడతపడింది, కుట్టు పడింది, పక్కనే ఉన్న బొందు పిన్నీసుకు గుచ్చుకుని మడతలోకి దూరి అవతలికి వచ్చేసింది.

లోహిత పావడ ఎత్తి చూసింది. "అత్తా! బొందు పెట్టేసినావే!"

వదిన చూసింది. కుట్టు విప్పితే ఆ దట్టమైన గుడ్డ మీద సూది గుంతలు వరసగా ఉండిపోతాయి. కొత్తగా కత్తిరించడానికి గుడ్డ మిగల్లేదు. పోటీ ఎల్లుండే. "అలవాటు పాడైపోను" అని తన చేతి మీద తానే ఒకటి కొట్టుకుంది. ఆ షావుకారు పెళ్ళాం మాటే ఆమె చెవిలో మోగుతూ ఉంటుందని తెలుస్తూనే ఉంది. లోగుడ్డలు కుట్టే చెయ్యి, లోగుడ్డే కుడుతుంది.

వదిన లేచి పెరట్లోకి పోయింది. కోపం వస్తే నేల కడగడం ఆమె పద్ధతి. చీర, పావడ కలిపి రెండు పక్కలా పైకి గుంజి నడుములో దోపుకుని, బకెట్టు బకెట్టు నీళ్ళు గుమ్మరిస్తోంది. లోహిత సముదాయిద్దామని వెనకే పోయి, వాకిలి దగ్గరే ఆగిపోయింది.

"అత్తా, కదలద్దు. అట్లే ఉండు."

"ఏందే?"

లోహిత ఫోనులో వెతికి బొమ్మ తీసింది. పక్క నుంచి తాళ్ళతో పైకి గుంజిన ఆ స్కర్టు. చీర దోపుకున్న వదిన దగ్గర కూడా అవే ముడతలు, అవే అలలు. వదిన బొమ్మను చూసింది, తన చీర చూసుకుంది, మళ్ళీ బొమ్మ చూసింది. చేతిలో బకెట్టు కింద పెట్టింది.

"బొందు అడ్డంగానే పోవాలని ఎవురు సెప్పినారు? నిలువుగా పోనిస్తే?"

ఆ తర్వాత ఆమెను పట్టడం మా వల్ల కాలేదు. ఆరు ముక్కలకు ఆరు జోడింపు కుట్లుంటాయి కదా. ఒక్కో కుట్టు వెంట లోపల సన్నని పట్టీ వేసి, అందులో నిలువుగా ఒక్కో బొందు ఎక్కించింది. కింది కొస అంచుకు బిగించి కుట్టింది. పై కొసల్ని, పొరపాటున కుట్టిన ఆ నడుము మడతలోకే పోనిచ్చి, ఎడమవైపు మూడు, కుడివైపు మూడు బయటికి తీసి రెండు ఉచ్చులుగా ముడి వేసింది. నూలు బొందులు ఇరుక్కోకుండా కొవ్వొత్తి మైనం రుద్దింది. వదిలేస్తే పావడ చీలమండల దాకా నేరుగా దిగుతుంది. రెండు ఉచ్చులూ పట్టి లాగితే అంచంతా అలలు అలలుగా మోకాళ్ళ దాకా పైకి లేస్తుంది. ఉచ్చుల్ని బెల్టుకు కుట్టిన కొక్కేలకు తగిలిస్తే అక్కడే నిలబడుతుంది. నడుము మడత మీద తోలుపట్టా బిగించేసరికి చదును కూడా వచ్చేసింది. లోహిత వాకిట్లో పదిసార్లు పైకి లాగి, పదిసార్లు కిందికి దించింది. మగ్గాలు ఆపి వచ్చి చూసినవాళ్ళలో మా అన్న కూడా ఉన్నాడు. "బాగుండాది" అన్నాడు. ఆయన నోటి నుంచి అది చాలా పెద్ద మాట.

పోటీ రోజు పుత్తూరు మీదుగా బస్సులో తిరుపతి వెళ్ళాం. వదిన పావడ సంచిని ఒళ్ళోనే పెట్టుకుంది, పైన పెట్టమంటే కండక్టరు మీద అరిచింది. కాలేజీలో లోహిత స్నేహితురాలు స్టెల్లా మా కోసం కాచుకుని ఉంది. చర్చి పాటల బృందంలో తాను తొడిగే తెల్ల జాకెట్టు తెచ్చింది. మెడ దగ్గర కుచ్చు, మణికట్ల దాకా చేతులు. ఆ పావడకు అది అచ్చంగా కుదిరింది. దాని మీద కాఫీ రంగు చేతుల్లేని కోటు, కాళ్ళకు పొడుగు బూట్లు. దొరస్వామి వెల్డింగు కళ్ళద్దాలు నుదుటి మీద. లోహిత గొలుసు, చెవులకు పెద్ద జూకాలు కూడా పెట్టుకోబోతే వదిన చేతిమీద కొట్టింది. "పావడ మాట్లాడతా ఉంటే మద్దెలో నగలు అరవకూడదు. తియ్యి."

స్టేజీ వెనక గదిలో మిగతా పిల్లల్ని చూసి నా గుండె జారింది. చెన్నై నుంచి అద్దెకు తెచ్చిన గౌన్లు, ఎత్తు టోపీలు, ఒకమ్మాయికి వీపు మీద తిరిగే రెక్కలు కూడా ఉన్నాయి. మాది పరుపు గుడ్డ. పైగా లోహిత పేరు పిలవబోతుండగా, హడావిడిలో ఎవరో పావడ అంచు తొక్కి కుడివైపు ఉచ్చు ముడి ఊడింది. ఒక బొందు సర్రున మడతలోకి దూరిపోయింది.

"అత్తా!" అని లోహిత ఏడుపు ముఖం పెట్టింది.

లోపలికి పోయిన బొందును పట్టడం ఎంత తిప్పలో ఆడవాళ్ళందరికీ తెలుసు. వదిన తాళిబొట్టుకు తగిలించుకున్న పిన్నీసు తీసి మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళు మూసుకుంది. వేళ్ళతో మడతను తడుముకుంటూ పోయి ఒకచోట ఆగి, పిన్నీసు గుచ్చి, ముడత ముడతగా జరుపుకుంటూ బొందు కొస బయటికి లాగింది. ముడి వేసి, పళ్ళతో బిగించి, "పో" అని లోహిత వీపు మీద చరిచింది. వేలికి రక్తం వచ్చిందని ఆమె చూసుకోనేలేదు.

లోహిత స్టేజీ మీదికి నడిచింది. పావడ చీలమండల దాకా నేరుగా దిగి ఉంది. చారలు అందంగానే ఉన్నాయి గానీ, రెక్కల పిల్ల తర్వాత అది మరీ సాదాగా కనపడింది. చప్పట్లు పల్చగా వచ్చాయి. వెనక వరసలోంచి ఎవడో "ఏందబ్బా, అవ్వ పావడ కట్టుకోనొచ్చినాది" అని అరిచాడు. నవ్వులు లేచాయి. నా పక్కన తెర చాటున నిలబడ్డ వదిన నా చెయ్యి పట్టుకుంది.

లోహిత స్టేజీ మధ్యకు వచ్చి ఆగింది. రెండు ఉచ్చులూ పట్టుకుని లాగింది. ఎడమపక్క పావడ అలలు అలలుగా పైకి లేచింది. కుడిపక్క కదల్లేదు. లోహిత ఇంకోసారి గుంజింది, అయినా రాలేదు.

"కాలు ముందుకెయ్ మే! బరువు తియ్!"

మా వదిన గొంతు. ఆ గొంతు సంగతి ముందే చెప్పాను కదా, మైకు అక్కర్లేదు. జనమంతా ఆ వైపు తిరిగారు. లోహిత కుడికాలు ముందుకు వేసింది. కాలికి పట్టేసిన గుడ్డ బరువు తేలిపోయింది, బొందులు సర్రున జారాయి, కుడిపక్క కూడా ఎగిరి మోకాలి దాకా వచ్చి నిలిచింది. లోహిత ఉచ్చుల్ని కొక్కేలకు తగిలించి, కళ్ళద్దాలు కళ్ళ మీదికి దించుకుని, నడుము మీద చేతులు పెట్టుకుంది. తర్వాత వచ్చిన అరుపులకు స్టేజీ రేకులు అదిరాయి. "ఇంగో తడవ! ఇంగో తడవ!" అని కేకలు. దించింది, మళ్ళీ లేపింది. ఈసారి రెండు పక్కలా ఒకేసారి లేచింది. "అవ్వ పావడ" అన్నవాడు కుర్చీ ఎక్కి ఈలలు వేస్తున్నాడు. నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, వదిన వీపు మీద కొడుతున్నాను, ఏది ఎందుకో నాకే తెలీదు.

మొదటి బహుమతి మాదే. ప్రకటించే అబ్బాయి కాగితం చూసి "కట్టుకున్నదీ, కుట్టుకున్నదీ లోహిత" అని చదివాడు. లోహిత గబగబా పోయి మైకు లాక్కుంది.

"నేను కట్టుకున్నా, అంతే. కుట్టింది మా అత్త. నగరి వసంతమ్మ." తెర వైపు తిరిగి, "అత్తా, రా" అంది.

వదిన రానంది. నేను తోశాను. ఆ తోపుడికి ఆమె స్టేజీ మధ్యలో తేలింది. చీర కొంగు సర్దుకుని నిలబడింది. చప్పట్లు ఆగాక ఆ అబ్బాయి మర్యాదగా అడిగాడు.

"ఏ బొటిక్ అమ్మా మీది?"

"బొటిక్కూ లేదు, ఏమీ లేదు నాయనా. నేను లోపావడలు కుడతా. ముప్పై ఏండ్లుగా అదే పని." వదిన జనంలోకి చూసింది. ముందు వరసల్లో చీరలు కట్టుకున్న మేడమ్‌లు, పిల్లల తల్లులు, అవ్వలు కూర్చుని ఉన్నారు. "ఈడ కూసోనుండే ఆడోళ్ళల్లో శానామంది ఇప్పుడు కూడా నేను కుట్టిందే కట్టుకోనుంటారు. ఇన్నాళ్ళూ మీకు కనపడలే. అంతే."

ముందు నవ్వారు. ఆ తర్వాత ఒక పెద్ద మేడమ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పక్కావిడ లేచింది. వరస తర్వాత వరస ఆడవాళ్ళందరూ లేచారు. నా వదిన, నా పెద్ద గొంతు వదిన, పట్టుగుడ్డ మీద గీతలు కొంగుతో తుడుచుకున్న నా వదిన, అంతమంది ముందర తల ఎత్తుకుని నిలబడి ఉంది. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదనిపించింది.

ఫోటోలు తీసేవాళ్ళు ముందుకు వచ్చారు. "అమ్మా, ఇటు చూడండి, నవ్వండి" అన్నారు. వదిన నవ్వలేదు. వంగి, లోహిత పావడ అంచు రెండు చేతులతో పట్టుకుని, పైకెత్తి తిరగేసింది. లోపలి వైపు. ఒక్క దారప్పోగు వేలాడకుండా, ఒక్క కుట్టు వంకర పోకుండా, అంచు నుంచి పైకి తీర్చిదిద్దినట్టు పోయిన ఆ పట్టీలన్నీ దీపాల వెలుతురులో కనపడేలా పట్టుకుంది.

"ఇట్ల సూడండి" అంది. "దీన్ని తియ్యండి ఫోటో."